ఒక్క అక్షరం తప్పు: అలెక్సీ రొమనోవ్ కథ

రాస్‌పుటిన్ పేరు వినని వాళ్లు మన క్యాంపస్‌లో తక్కువే. బోనీ ఎమ్ పాట వల్లనో, గుచ్చి చూసే ఆ కళ్ల ఫొటోతో వచ్చే మీమ్స్ వల్లనో ఆ గడ్డం మనిషి అందరికీ తెలుసు. మరి సైబీరియాలో ఎక్కడో పల్లెటూళ్లో పుట్టిన ఒక రైతు రష్యా చక్రవర్తి అంతఃపురంలోకి ఎలా వెళ్లగలిగాడు? దీనికి జవాబు ఒక పిల్లాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ పిల్లాడి రక్తం.

ఆ పిల్లాడి పేరు అలెక్సీ నికొలాయెవిచ్ రొమనోవ్. రష్యా చివరి చక్రవర్తి రెండో నికొలాయ్‌కి ఒక్కగానొక్క కొడుకు. అతనికి హీమోఫిలియా. అంటే దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టాల్సినట్టు గడ్డకట్టదు. జబ్బు అతన్ని పడుకోబెట్టింది నిజమే. కానీ ఆ జబ్బును రహస్యంగా ఉంచాలన్న నిర్ణయం అతని ఇంటినీ, కొంతవరకు అతని దేశాన్నీ కూడా దెబ్బతీసింది. ఆ రెండు కథలూ కలిపి చెప్పుకుంటేనే అలెక్సీ జీవితం అర్థమవుతుంది.

నలుగురు అక్కల తర్వాత

రష్యా సింహాసనానికి వారసుడు మగపిల్లాడే కావాలి. పాల్ చక్రవర్తి 1797లో పెట్టిన చట్టం ప్రకారం వంశంలో మగవాళ్లు ఉండగా ఆడవాళ్లకు అవకాశం లేదు. నికొలాయ్, అలెగ్జాండ్రా దంపతులకు వరుసగా నలుగురు ఆడపిల్లలు పుట్టారు: ఓల్గా (1895), తతియానా (1897), మరియా (1899), అనస్తాసియా (1901). కొడుకు కోసం మహారాణి మొక్కని దేవుడు లేడు. చివరికి 1904 ఆగస్టు 12న పీటర్‌హాఫ్‌లో అలెక్సీ పుట్టాడు. ఫిరంగులు మోగాయి, చర్చి గంటలు మోగాయి. ఒకపక్క జపాన్‌తో యుద్ధంలో ఓడిపోతున్న దేశానికి అది పెద్ద పండగ.

ఆ సంబరం ఆరు వారాలే. సెప్టెంబరులో ఒకరోజు బిడ్డ బొడ్డు దగ్గర రక్తం కారడం మొదలైంది. కట్టు కట్టినా అంత తొందరగా ఆగలేదు. రెండు మూడు రోజులకు ఎలాగో తగ్గింది. కానీ తల్లికి మాత్రం అప్పుడే గుండెల్లో రాయి పడి ఉండాలి. ఎందుకంటే ఆ జబ్బు ఆవిడకు కొత్తది కాదు.

మేనమామ పోలిక

మన ఇళ్లలో మగపిల్లాణ్ణి చూసి మేనమామ పోలిక అంటుంటారు కదా. హీమోఫిలియా సరిగ్గా ఆ దారిలోనే వస్తుంది.

అలెగ్జాండ్రాకి ఇంగ్లండు రాణి విక్టోరియా స్వయానా అమ్మమ్మ. విక్టోరియా చిన్న కొడుకుల్లో ఒకడైన లియోపోల్డ్, అంటే అలెగ్జాండ్రాకి మేనమామ, 1884లో ఫ్రాన్సులో జారిపడి, రక్తస్రావంతో చనిపోయాడు. వయసు 30. అంతకుముందే 1873లో అలెగ్జాండ్రా సొంత అన్న ఫ్రీడ్రిక్ కిటికీలోంచి కింద పడ్డాడు. ఎముకలు విరగలేదు, పైకి పెద్ద గాయమూ లేదు. కానీ లోపల తలలో రక్తస్రావమై ఆ రోజే పోయాడు. అప్పటికి వాడికి నిండా మూడేళ్లు లేవు. ఇక అలెగ్జాండ్రా అక్క ఐరీన్‌కి ఈ జబ్బుతోనే ఇద్దరు కొడుకులు. వాళ్లలో చిన్నవాడు హైన్రిక్, అలెక్సీకి పెద్దమ్మ కొడుకు, అలెక్సీ పుట్టడానికి ఆరు నెలల ముందే, 1904 ఫిబ్రవరిలో, నాలుగేళ్ల వయసులో చనిపోయాడు.

దీని లెక్క సులువే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన రెండు ముఖ్యమైన ప్రొటీన్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు. ఒకటి పాడైనా రెండోది చాలావరకు సర్దుకుంటుంది. ఇంజినీర్ల భాషలో చెప్పాలంటే బ్యాకప్ ఉందన్నమాట. మగవాళ్లకు ఒక్కటే ఎక్స్, బ్యాకప్ లేదు. అందుకే పాడైన జన్యువు మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం. ప్రతి కూతురికీ ఆ జన్యువు చేరడానికి కూడా అంతే అవకాశం. తల్లి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కొడుకు రక్తం ఓడుస్తాడు. ఆ తల్లి మనసులో నా వల్లే అన్న మాట ఎన్నిసార్లు తిరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

చిన్న గీత కాదు, లోపలి దెబ్బ

హీమోఫిలియా అనగానే చిన్న గీత పడితే చాలు, రక్తమంతా కారిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వీళ్ల రక్తం మిగతావాళ్ల కంటే వేగంగా ఏమీ కారదు, ఎక్కువసేపు కారుతుంది, అంతే.

రక్తనాళం తెగినప్పుడు మొదట ప్లేట్‌లెట్లు వచ్చి ఆ చోట గుంపుగా అతుక్కుంటాయి. ఇది తాత్కాలికంగా వేసిన మూత లాంటిది. ఆ వెంటనే రక్తంలోని ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు ఒకదాన్నొకటి నిద్రలేపుకుంటూ పోతాయి, వరుసగా పడే డామినో బిళ్లల్లాగా. చివర్లో ఫైబ్రిన్ అనే పోగులు పుట్టి, ఆ మూత మీద వలలా అల్లుకుని గట్టిపరుస్తాయి. హీమోఫిలియాలో ప్లేట్‌లెట్లు బాగానే పనిచేస్తాయి. అందుకే చర్మం మీద చిన్న గీతలు మామూలుగానే ఆగిపోతాయి. కానీ డామినో వరుసలో ఒక బిళ్ల లేదు. ఎనిమిదో ఫ్యాక్టర్ లేకపోతే హీమోఫిలియా ఏ, తొమ్మిదోది లేకపోతే హీమోఫిలియా బి. వల సరిగ్గా పడదు.

అసలు ప్రమాదం కంటికి కనబడని చోట ఉంటుంది. మోకాలు, మోచేయి, చీలమండ లాంటి కీళ్ల లోపల రక్తం చేరుతుంది. కీలు ఒక మూసిన గది. రక్తం నిండేకొద్దీ ఒత్తిడి పెరిగి, నరాలు నలిగి, భరించలేని నొప్పి వస్తుంది. కాలు వంగిపోయి అలాగే బిగుసుకుపోతుంది. పైగా ఆ రక్తంలోని ఇనుము కీలు లోపలి మృదులాస్థిని మెల్లగా తినేస్తుంది. మళ్లీ మళ్లీ ఇలా జరిగితే ఆ కీలు శాశ్వతంగా పాడవుతుంది. తలలో, కడుపులో, తుంటి దగ్గరి కండరాల్లో రక్తస్రావమైతే ప్రాణం మీదికే వస్తుంది.

అలెక్సీ బాల్యమంతా ఇదే. ఫొటోల్లో చాలాచోట్ల అతన్ని ఎత్తుకుని ఒక నావికుడు కనిపిస్తాడు. రాజకుమారుడు గారాబానికి చంకెక్కాడనుకుంటాం. నిజానికి ఆ రోజు అతను నడవలేడు.

సైకిల్ వద్దు, టెన్నిస్ వద్దు

అలెక్సీ వెంట ఎప్పుడూ ఇద్దరు నావికులుండేవాళ్లు: దెరెవెంకో, నగోర్నీ. పిల్లాడు పరుగెడితే వెనకే పరుగెత్తాలి, పడబోతే పట్టుకోవాలి. సైకిల్ తొక్కకూడదు. టెన్నిస్ ఆడకూడదు. ఇంటినిండా ఖరీదైన బొమ్మలు, కానీ అక్కలు ఆడే ఆటలు మాత్రం లేవు. అయినా పిల్లాడు మందకొడిగా ఏమీ లేడు. అల్లరివాడు, చిలిపివాడు, బాలలైకా వాయించేవాడు. జాయ్ అనే స్పానియల్ కుక్కంటే ప్రాణం.

స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పియేర్ గిలియార్డ్ మొదట అక్కలకు ఫ్రెంచి చెప్పేవాడు, తర్వాత అలెక్సీకి కూడా గురువయ్యాడు. ఏళ్లపాటు ఆ ఇంట్లో మెలిగిన గిలియార్డ్‌కి కూడా జబ్బేమిటో మొదట్లో సూటిగా చెప్పలేదు. పిల్లాడు ఉన్నట్టుండి మాయమయ్యేవాడు, మళ్లీ కొన్ని వారాలకు పాలిపోయి కనిపించేవాడు. అంతే.

విషయం తెలిశాక గిలియార్డ్ ఒక సాహసమైన మాట ముందుకు తెచ్చాడు. అనుక్షణం ఇద్దరు మనుషులు కాపలా కాస్తుంటే పిల్లాడికి తన ఒంటిని తాను కాపాడుకోవడం ఎప్పటికీ రాదు, కాపలా కాస్త సడలించాలి అని. ఆశ్చర్యం ఏమిటంటే తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు తరగతి గదిలోనే పిల్లాడు పైకెక్కి జారాడు. మోకాలు కొట్టుకుంది. మర్నాటికి నడవలేకపోయాడు, కాలు వాచిపోయింది. గిలియార్డ్ కుమిలిపోయాడు. తల్లిదండ్రులు ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు. తల్లి రాత్రింబవళ్లు మంచం పక్కన కూర్చుంది. ఆ ఇంటి మీద మనకు ఏ అభిప్రాయమున్నా, ఈ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి. కొడుకు బతకడమే కాదు, మనిషిగా ఎదగాలని కూడా కోరుకున్నారు.

స్పాలా, 1912

1912 శరదృతువులో కుటుంబం వేటకని పోలండ్ అడవులకు వెళ్లింది. అప్పటికి పోలండ్‌లో చాలా భాగం రష్యా ఏలుబడిలోనే ఉంది. అక్కడ అలెక్సీ పడవలోకి దూకబోతూ తొడ కొట్టుకున్నాడు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నాక తగ్గినట్టే అనిపించింది. స్పాలా అనే చోటికి మారాక, గాలి మారుతుందని తల్లి బగ్గీలో షికారు తీసుకెళ్లింది. గతుకుల దారి. ప్రతి కుదుపుకీ లోపలి గాయం మళ్లీ రేగింది. తిరిగొచ్చేసరికి పిల్లాడు నొప్పితో దాదాపు స్పృహలో లేడు.

తొడలో, గజ్జల్లో, పొత్తికడుపులో రక్తం చేరింది. జ్వరం, దానితో సంధి మాటలు. కాలు ముడుచుకుపోయి గుండెల దాకా వచ్చింది. అరుపులు ఇల్లంతా వినిపించేవి. పనివాళ్లు చెవుల్లో దూది పెట్టుకుని పనిచేశారంటారు. తండ్రి గదిలో ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. తల్లి కదల్లేదు. చనిపోయాక నొప్పి ఉండదు కదా అని పిల్లాడు తల్లిని అడిగాడని, అడవిలో తనకోసం రాళ్లతో చిన్న గుర్తు కట్టమన్నాడని దగ్గరివాళ్ల జ్ఞాపకాల్లో ఉంది.

అన్నిటికంటే మనసును పట్టేసేది ఇంకో దృశ్యం. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అతిథుల ముందు చిన్న అక్కలిద్దరూ మోలియేర్ నాటకంలోని రెండు రంగాలు వేశారు. మహారాణి ముందు వరసలో కూర్చుని నవ్వుతూ అందరితో మాట్లాడింది. నాటకం అయ్యాక గిలియార్డ్ నడవలో నిలబడి ఉండగా ఆవిడ గౌను చేత్తో ఎత్తిపట్టుకుని, ముఖం పాలిపోయి, కొడుకు గదివైపు పరుగెత్తడం చూశాడు. కాసేపటికి మళ్లీ వచ్చి, మళ్లీ అదే నవ్వు తగిలించుకుంది. లోపల కొడుకు చావుబతుకుల్లో ఉన్నాడు, బయట అతిథులకు తెలియకూడదు. రహస్యం కాపాడటమంటే ఇదీ.

పరిస్థితి చేయిదాటాక పిల్లాడు జబ్బుగా ఉన్నాడని ప్రకటన విడుదల చేశారు. జబ్బు పేరు మాత్రం అందులో లేదు. పూజారి వచ్చి చివరి ఘడియల ప్రార్థనలు చేశాడు. అప్పుడు తల్లి సైబీరియాలో ఉన్న రాస్‌పుటిన్‌కి కబురు చేయించింది. పిల్లాడు చావడని, డాక్టర్లు అతన్ని మరీ విసిగించకూడదని అర్థం వచ్చేలా టెలిగ్రామ్ వచ్చింది. ఒకటి రెండు రోజుల్లో రక్తస్రావం ఆగింది.

ఎలా ఆగింది? మూసిన చోట రక్తం నిండేకొద్దీ ఆ ఒత్తిడికే కారడం ఆగి ఉండొచ్చు. తల్లి స్థిమితపడటంతో పిల్లాడికీ నెమ్మది వచ్చి ఉండొచ్చు. పదేపదే కదిపి పరీక్షించడం ఆపడం మేలు చేసి ఉండొచ్చు. అప్పట్లో కొత్తగా వచ్చిన నొప్పి మందు ఆస్ప్రిన్ ఇస్తూ ఉండి, ఆపేశారేమో అని కొందరి ఊహ. ఆస్ప్రిన్ ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుని రక్తస్రావాన్ని పెంచుతుందని ఆనాటి డాక్టర్లకు తెలీదు. ఇవన్నీ ఊహలే. తల్లికి మాత్రం లెక్క ఒక్కటే: డాక్టర్లు చేతులెత్తేశారు, ఆయన బతికించాడు.

ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు అలెక్సీ సరిగా నడవలేదు. 1913లో రొమనోవ్ వంశం 300 ఏళ్ల ఉత్సవాల్లో వారసుణ్ణి ఒక సైనికుడు చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్లాడు. జనం చూశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

చెప్పని మాటకు పడిన వెల

జబ్బు సంగతి బయటపెట్టకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. వారసుడు ఎప్పుడు పోతాడో తెలీదంటే సింహాసనమే బలహీనపడుతుంది. కానీ జనానికి కారణం తెలియనప్పుడు వాళ్లే ఒక కారణం అల్లుకుంటారు. మహారాణి ఎప్పుడూ దిగులుగా, ఎవరికీ కనబడకుండా ఎందుకుంటుంది? పొగరు అనుకున్నారు. రాస్‌పుటిన్ అంతఃపురానికి ఎందుకొస్తున్నాడు? నోటితో చెప్పలేని పుకార్లు పుట్టాయి. కొడుకు ప్రాణం కోసం తల్లి పడే ఆరాటం అని ఒక్క మాట తెలిసుంటే, కనీసం కొందరైనా జాలిపడేవాళ్లు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇది ముదిరింది. 1915లో నికొలాయ్ సేనాధిపత్యం తానే తీసుకుని మొగిల్యోవ్‌లోని సైనిక కేంద్రానికి వెళ్లిపోయాడు. రాజధానిలో అలెగ్జాండ్రా మాట చెల్లింది, ఆవిడ దగ్గర రాస్‌పుటిన్ మాట చెల్లింది. ఏడాదిన్నర లోపు నలుగురు ప్రధానమంత్రులను దేశం చూసింది.

అలెక్సీ కూడా తండ్రితో మొగిల్యోవ్ వెళ్లాడు. అతని జీవితంలో బహుశా అవే మంచి రోజులు. మామూలు సైనికుడి దుస్తులు, సైనికులు తినే నల్లరొట్టె, చుట్టూ మగవాళ్ల లోకం. ఆ డిసెంబరులో జలుబు చేసి గట్టిగా తుమ్మితే ముక్కులోంచి రక్తం మొదలై ఆగలేదు. రైల్లో ఇంటికి తెచ్చారు. ఒక తుమ్ము కూడా ప్రాణాపాయమే, అదీ ఈ జబ్బు.

1916 డిసెంబరు చివర్లో రాస్‌పుటిన్‌ని చంపేశారు. 1917 మార్చిలో విప్లవం వచ్చింది. దానికి కారణాలు యుద్ధం, ఆకలి, భూమి, దశాబ్దాల అణచివేత. ఒక పిల్లాడి జబ్బుతో అంతా జరిగిందనడం తప్పు. కానీ ఒక కీలకమైన చోట ఆ జబ్బు చరిత్రను నేరుగా తాకింది. మార్చి 15న ప్స్కోవ్‌లో, రైలు పెట్టెలో, నికొలాయ్ మొదట కొడుకు పేరున సింహాసనం వదులుకోవడానికి ఒప్పుకున్నాడు. తర్వాత ప్రొఫెసర్ ఫ్యోదరోవ్ అనే డాక్టర్ని పిలిచి దాపరికం లేకుండా చెప్పమన్నాడు. జబ్బు నయం కాదని డాక్టర్ చెప్పాడు. నికొలాయ్ నిర్ణయం మార్చుకుని, కొడుకు తరఫున కూడా వదులుకుని, తమ్ముడు మిఖాయిల్‌కి రాసిచ్చాడు. మర్నాడు మిఖాయిల్ వద్దన్నాడు. 304 ఏళ్ల వంశపాలన అక్కడితో సరి. ఆ రైలు పెట్టెలో చక్రవర్తి కంటే తండ్రే గెలిచాడు.

చివరి ఏడాది

కుటుంబాన్ని ముందు త్సార్‌స్కోయె సెలోలో, తర్వాత సైబీరియాలోని తొబోల్స్క్‌లో బంధించారు. 1918 ఏప్రిల్‌లో అలెక్సీకి గజ్జల్లో మళ్లీ రక్తస్రావం, స్పాలా తర్వాత అంత తీవ్రమైనది అదే. సరిగ్గా అప్పుడే నికొలాయ్‌ని తరలించాలని ఆజ్ఞ వచ్చింది. భర్తతో వెళ్లాలా, కదల్లేని కొడుకు దగ్గర ఉండాలా? అలెగ్జాండ్రా గంటల తరబడి గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి మరియాని తీసుకుని భర్తతో వెళ్లింది. కొడుకు ముగ్గురు అక్కలతో ఉండిపోయి, మే నెలలో యెకతెరిన్‌బర్గ్‌లో మళ్లీ కలిశాడు.

అక్కడ నావికుడు నగోర్నీని గార్డులు లాక్కెళ్లి, కొన్ని వారాల్లో కాల్చి చంపారు. ఆ తర్వాత అలెక్సీని ఎత్తుకోవడం తండ్రి పని అయింది. 1918 జులై 17 తెల్లవారుజామున కుటుంబాన్ని నిద్రలేపి, ఇపాతియెవ్ ఇంటి కింది గదిలోకి దిగమన్నారు. నడవలేని కొడుకును నికొలాయ్ చేతుల మీద మోసుకుని మెట్లు దిగాడు. ఏడుగురు కుటుంబ సభ్యులు, డాక్టర్ బోత్కిన్, ముగ్గురు పనివాళ్లు, మొత్తం 11 మందిని అక్కడే చంపారు. పద్నాలుగో పుట్టినరోజుకి ఇంకా 26 రోజులుంది.

ఎముకలు చెప్పిన నిజం

1991లో యెకతెరిన్‌బర్గ్ దగ్గర తవ్వి తీసిన సమాధిలో రెండు శరీరాలు తక్కువ ఉన్నాయి: అలెక్సీ, ఒక అక్క. 2007లో దగ్గర్లోనే కాలిన ఎముక ముక్కలు దొరికాయి. డీఎన్ఏ పరీక్షలతో అవి వాళ్లవేనని తేలింది. 2009లో శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేసి, ఆ ముక్కల్లోంచి గడ్డకట్టే ఫ్యాక్టర్ల జన్యువులను చదివారు. దొరికింది హీమోఫిలియా బి, రెండింటిలో అరుదైనది. తొమ్మిదో ఫ్యాక్టర్ జన్యువులో ఒక్క అక్షరం, ఎ ఉండాల్సిన చోట జి. అదీ ప్రొటీన్ రాసే భాగంలో కాదు, దాని అంచున. కణం ఆ జన్యువును ఎక్కడ కత్తిరించి ఎక్కడ అతకాలో ఆ అంచే చెబుతుంది. అక్కడ ఒక్క అక్షరం మారేసరికి అతుకు తప్పు చోట పడి, ఆ తర్వాత సందేశమంతా అర్థం లేకుండా పోయింది. తల్లి ఎముకల్లో మంచి అక్షరం, తప్పు అక్షరం రెండూ దొరికాయి. ఒక అక్క కూడా ఆ జన్యువు మోసింది.

ఒక్క సెమికోలన్ పోయి ప్రోగ్రామ్ అంతా ఆగిపోవడం మనకు ల్యాబ్‌లో మామూలే. ఇక్కడ డీబగ్ చేసేవాళ్లు ఎవరూ లేరు. తొమ్మిదో ఫ్యాక్టర్‌ని విడిగా గుర్తించింది 1952లో, అలెక్సీ పోయిన 34 ఏళ్లకు.

ఇవాళ లేని ఫ్యాక్టర్‌ని ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. క్రమం తప్పకుండా తీసుకుంటే చాలామంది దాదాపు అందరిలాగే చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. హీమోఫిలియా బి కి జన్యు చికిత్సను అమెరికా 2022లో అనుమతించింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో హీమోఫిలియా పేరు చేరింది.

ఇంత మారినా మన దగ్గర చాలా ఇళ్లలో ఈ జబ్బును ఇంకా దాస్తూనే ఉన్నారు. అక్కకి సంబంధాలు రావని, హాస్టల్లో చేర్చుకోరని, ఆటపట్టిస్తారని. హాస్టల్లో మన రూమ్మేట్‌కే ఉండొచ్చు. మోకాలు వాచి క్లాసుకి రాకపోతే బద్ధకం అనుకుంటాం. తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనబడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, డాక్టర్ని అడగకుండా నొప్పి మాత్ర ఇవ్వకూడదని, కండకు ఇంజెక్షన్ చేసే ముందు జబ్బు సంగతి చెప్పాలని పక్కనున్న మనకు తెలిస్తేనే కదా. అది తెలియాలంటే వాళ్లు చెప్పగలగాలి. వాళ్లు చెప్పగలగాలంటే వినేవాళ్లం మనం సరిగ్గా ఉండాలి.

అలెక్సీకి అప్పట్లో మందు లేదు, అది ఎవరి తప్పూ కాదు. కానీ అతని చుట్టూ ఒక సామ్రాజ్యమంత జనం ఉండి కూడా, అతని నొప్పి పేరు తెలిసినవాళ్లు గుప్పెడు మందే.